మూడో తరగతి కిటికీ

పోయిన వారం మనం విదోసావాను బడి మెట్ల మీద వదిలి వచ్చాం. ఒక చేతిలో గదుల తాళాల గుత్తి, ఇంకో చంకలో గుండ్రంగా చుట్టిన గోడ క్యాలెండరు. పదమూడు రోజులుగా ఉజిత్సే ఊరి మీద పొగా మంచూ కలిసి మూకుడు బోర్లించినట్టు కూర్చున్నాయి. చుట్టూ కొండలు, అడుగున జెతిన్యా ఏరు, మధ్యలో ఆకు కదిలేంత గాలి లేదు. ఫ్లూ అని బడి మూసేశారు. మూడో తరగతి బి గదిలో ఇరవై నలుగురు పిల్లలకు పదిహేడు మంది మంచం పట్టారు. అందులో విదోసావా కూతురు దున్యా ఒకతె, పుట్టినప్పటి నుంచీ ఊపిరి బలం లేని పిల్ల. దాని పక్కన కూర్చునే కలీనా, వాళ్ళ ఇంటి కింది అంతస్తు దోబ్రిలా కూతురు, ఆసుపత్రిలో ఆక్సిజన్ గొట్టం మీద ఉంది. ఈ జబ్బు ఎలా పాకిందో కనిపెట్టడానికి వచ్చిన డాక్టరు తెయోదొరా ఫోను చేసి రెండే అడిగింది. రోజూ వాతావరణం రాసుకునే మీ క్యాలెండరు తీసుకురండి. వచ్చి బి గది తాళం తీయండి.

విదోసావా ఆ బడిలో పదకొండేళ్ళుగా గదులు ఊడ్చి తుడుస్తోంది. ఆ గుత్తిలో ఏ తాళంచెవి ఏ గదిదో కళ్ళు మూసుకుని చెప్పగలదు. అలాంటిది ఆ పొద్దున మూడుసార్లు తప్పు తాళంచెవి పెట్టింది.

"చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి డాక్టరమ్మా" అంది.

"కంగారు లేదు" అంది తెయోదొరా. ముప్పై దాటని పిల్ల, ముఖానికి మాస్కు, మాస్కు మీద అలిసిన కళ్ళు. తలుపు తెరవగానే లోపలికి పోకుండా గడప మీదే ఆగి గాలి వాసన చూసింది. బడి మూసి ఐదు రోజులైనా ఆ గదిలో ఇంకా పిల్లల సాక్సులూ సుద్దముక్కలూ ఎండిన మందారపు కుండీ అన్నీ కలిసిన ముతక వాసన ఉంది.

విదోసావా క్యాలెండరు ఇవ్వలేదు. చంకలోనే బిగించి పట్టుకుంది.

అది చర్చిలో ఇచ్చే గోడ క్యాలెండరు. ప్రతి తేదీ కింద ఆ రోజు సాధువు పేరు, పెద్ద పండగలకు ఎర్ర అక్షరాలు. దున్యాకు మూడో ఏట ఊపిరి ఆడక నీలంగా అయిపోయిన నాటి నుంచి విదోసావా రోజూ ఆ పేర్ల పక్కన పెన్సిలుతో రాసుకుంటుంది: ఎంత చలి, మంచు పట్టిందా లేదా, గాలి వీచిందా, వాన పడిందా, బడిలో ఎవరు దగ్గారు. కీడెంచి మేలెంచమన్నారు కదా. విదోసావా కీడు ఎంచేది గాని మేలెంచడానికి ఆమెకెప్పుడూ తీరిక ఉండేది కాదు. ఆ పిచ్చి రాతలు చూసి మొగుడు మిలుతిన్ లారీ ఎక్కబోతూ నవ్వేవాడు, "ఊళ్ళో తుమ్ములన్నీ నీ దగ్గరే జమ అవుతున్నాయే" అని. ఆ రాతలు ఒక డాక్టరుకు అవసరం పడతాయని ఎవరనుకున్నారు.

అందులో నవంబరు ఇరవై తొమ్మిది కింద ఒక మాట ఉంది. నిన్న సాయంత్రం ఆ కాగితం చింపేద్దామని చెయ్యి వేసింది. వేసి ఆగిపోయింది. సాధువుల పేర్లున్న కాగితం చింపితే పిల్లకు ఏమవుతుందో అని భయం. చివరికి పొద్దున కాఫీ తాగుతూ కప్పు ఒలకబోసింది. చెయ్యి జారిందని అత్తగారితో చెప్పింది. కాఫీ మరకైతే పడింది గాని పెన్సిలు రాత కింద నుంచి బాగానే కనపడుతోంది.

తెయోదొరా జేబులోంచి అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద పెట్టె తీసి ఉపాధ్యాయురాలి బల్ల మీద పెట్టింది. అద్దం మీద అంకెలు ఆడాయి. రేడియేటర్లు వేడిగా కాగుతున్నాయి.

"చూడండి. వేడి ఇరవై ఆరు. తేమ పందొమ్మిది. ఎడారిలో కూడా దీనికంటే నయం."

"బయట ఇంత మంచు ఉంటే లోపల పొడి ఏంటమ్మా? నా జుట్టు చూడు, తడిసిపోయింది."

"మంచిగా అడిగారు. చల్లగాలి చిన్న గ్లాసు లాంటిది విదోసావా గారూ. నాలుగు చుక్కలకే నిండిపోతుంది, పొంగితే మంచు. అదే గాలి లోపలికొచ్చి వేడెక్కితే గ్లాసు బిందె అవుతుంది. నీళ్ళు మాత్రం ఆ నాలుగు చుక్కలే. ఆ బిందె నింపుకోవడానికి గాలి దేన్నైనా తాగుతుంది. గోడల్ని తాగుతుంది, మీ మందారాన్ని తాగుతుంది, పిల్లల ముక్కుల్లో తడిని తాగుతుంది. ముక్కు ఎండితే ఇంటికి గొళ్ళెం ఊడినట్టే. ఒక పిల్ల దగ్గితే పడే తుంపర కూడా ఎండి, తేలికై, కింద పడకుండా గంటలకొద్దీ గదిలోనే తిరుగుతుంది. పోయే దారి ఉండాలి."

ఆఖరి మాట అంటూ ఆమె కిటికీ వైపు చూసింది.

పాతకాలపు చెక్క కిటికీ. పెద్ద రెక్కలు రెండు, పైన గాలి కోసం చిన్న రెక్క. ఆ చిన్న రెక్క చుట్టూ సందుల్లో పసుపు స్పాంజి కుక్కి ఉంది, దాని మీద బొమ్మల బట్ట అంచులు.

"ఎదురుగా ఉన్న ఎ గదిలో ఇరవై ముగ్గురుంటే నలుగురికే వచ్చింది. ఆ గది పై రెక్క గడియ విరిగి మూతపడక మూడేళ్ళయిందట. పిల్లలు కోట్లు వేసుకునే కూర్చునేవాళ్ళు. వాళ్ళ టీచరు అర్జీ మీద అర్జీ పెట్టింది, ఎవరూ బాగు చెయ్యలేదు" అని తెయోదొరా చిన్నగా నవ్వింది. "ఆ బద్ధకమే కాపాడింది. కిటికీ ఒక్కటే కారణమని నేను ఒట్టు పెట్టలేను. కానీ ఇది తెరిపించి చూడాలి. మరలతో బిగించి ఉంది. స్క్రూడ్రైవరు ఎక్కడుంటుంది?"

విదోసావా చెయ్యి ఆమె కంటే ముందు పోయింది. ఏప్రాను జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, కుర్చీ లాక్కుని ఎక్కి, ఒక మర విప్పింది. రెండోది. మూడోది. పరదా కడ్డీ వెనక చెయ్యి పెట్టి, చూడకుండానే, నాలుగోది విప్పింది.

ఇత్తడి మర అరచేతిలో పడ్డాక గాని ఆమెకు తెలియలేదు, తనేం చేసిందో.

కింద నుంచి డాక్టరు నెమ్మదిగా అంది, "నాలుగోది అక్కడ ఉన్నట్టు నాకు కనపడలేదు."

రేడియేటరులో నీళ్ళు గుడగుడమన్నాయి. విదోసావా కుర్చీ మీదే నిలబడింది. దిగితే ముఖం చూడాలి.

"అక్కడ చలిగాలి సూటిగా మా దున్యా వీపు మీద పడేది" అంది గోడతో. "కిటికీ పక్క బెంచీ. మొదటి గడ్డ మంచు పడిన రోజు. తలుపు తీసినప్పుడల్లా ప్రొమాయా కొట్టేది. నాకు తెలుసమ్మా ప్రొమాయా అంటే ఏంటో. ఈ తలుపులో దూరి ఆ కిటికీలో పోయే గాలి ఉందే, కత్తి అది. ఎముకల్లో దిగుతుంది. మా అత్తయ్య కొడుకు దాంతోనే పోయాడు. నేను నా బిడ్డని కాపాడుకోవాలనుకున్నా. టీచరు కూడా సంతోషించింది, గది వెచ్చబడిందని. ఎవరూ ఒద్దనలేదు."

"దిగండి, పడతారు."

దిగింది. చంకలోంచి జారిన క్యాలెండరును డాక్టరే తీసుకుని బల్ల మీద పరిచింది. కాఫీ మరక మీద వేలు ఆగింది. పైకే చదివింది, గొంతు మార్చకుండా: "బి గది కిటికీ మూశాను. దేవుడికి దండం."

ఆ తర్వాత వేలు కిందికి జరుగుతూ పోయింది. డిసెంబరు ఒకటి, పొడి చలి, గాలి లేదు. నాలుగు, మంచు దిగింది. ఐదు, ఇద్దరికి దగ్గు. ఎనిమిదో తేదీకి తొమ్మిది మందికి. పన్నెండు, కలీనా. పద్నాలుగో తేదీ పక్కన రాత వణికింది: నా దున్యా.

"నన్ను పోలీసులకు పట్టిస్తారా?"

"నేను పోలీసుని కాదు. ఎవరు చేశారన్నది నా కాగితంలో గడే లేదు, ఎలా పాకిందన్నదే ఉంది. ఈ ఊళ్ళో వంద మంది తల్లుల్ని నిలబెడితే తొంభై మంది ఇదే పని చేసేవాళ్ళు. మా అమ్మతో సహా. కానీ ఒక మాట చెప్తాను, వింటారా? కలీనా వాళ్ళ అమ్మకి ఇది మీ నోటి నుంచే తెలియాలి. ఇంకొకళ్ళు చెప్పకముందు."

"చెప్తాను. రేపు చెప్తాను. దాని పిల్ల కొంచెం కోలుకోనీ."

తెయోదొరా క్యాలెండరు చుట్టి పక్కన పెట్టి అడిగింది, "దున్యా పడుకున్న గది కిటికీ?"

"మూసే ఉంది. కింద కంబళి కుక్కాను. తలుపు కింద తడిగుడ్డ."

"ఎవరెవరున్నారు?"

"అత్తయ్య దగ్గర కూర్చుంది. కట్టెల పొయ్యి నిండా వేసి."

డాక్టరు కళ్ళు మూసి తెరిచింది. "ఇంటికి వెళ్ళండి. పొయ్యి కొంచెం తగ్గించండి, మీద నీళ్ళ గిన్నె పెట్టండి. కిటికీ తెరవండి. ఇప్పుడే కాదు, బయట పొగ పొద్దున్నే మరీ నేలకి అంటుకుని ఉంటుంది, ఆ ఊపిరికి అది కూడా విషమే. మధ్యాహ్నం కాసేపు పైకి లేస్తుంది. మీ ఇంట్లోంచి కొండ మీద పాత కోట కనిపిస్తుందా?"

"కనిపిస్తుంది. ఈ పదమూడు రోజుల్లో రెండుసార్లే కనిపించింది."

"కోట కనిపించగానే తెరవండి. ఐదు నిమిషాలు. పిల్లని బాగా కప్పి. కోట మునిగితే మూసెయ్యండి. పెదాలు నీలంగా మారినా, మాట మధ్యలో ఊపిరి తెగినా, నన్ను అడగొద్దు, ఆంబులెన్సుకు చెయ్యండి."

విదోసావా మరలు నాలుగూ జేబులో వేసుకుంది. పీకిన స్పాంజి ముక్కలు చెత్తలో వేద్దామని కుప్పలా పోగు చేసింది. అంతలో ఇంటి నుంచి ఫోను మోగింది. అత్తగారు: "ఏమే, పిల్ల నిన్నే అడుగుతోంది. ఎక్కడ తిరుగుతున్నావ్?" ఆ ఒక్క మాటకి అన్నీ కిటికీ గట్టు మీదే వదిలేసి పరుగెత్తింది. తాళం డాక్టరు చేతిలో పెట్టింది. నడవాలో ఎవరో ఆడమనిషి ఎదురు వస్తున్నట్టు అనిపించింది గాని తల ఎత్తి చూడలేదు.

ఇంటి తలుపు తీయగానే వేడి ముఖాన కొట్టింది. అత్తగారు స్తామెనా నల్ల తలగుడ్డ కట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది. పిల్ల ఛాతీకి రేగుసారా తడిపిన గుడ్డ చుట్టి, కాళ్ళకు బంగాళాదుంప ముక్కలు పెట్టి ఉన్ని సాక్సులు తొడిగింది. ఎల్లుండి ఇంటి సాధువు నికోలా పండగకు ఇరవై మంది వస్తారని నైవేద్యానికి గోధుమలు నానబోసి కూడా పెట్టింది.

"చెప్పులేసుకో ముందు. నేల మీద వట్టి కాళ్ళతో నడిచి నువ్వు పడితే ఇంకెవరు చూస్తారు" అంది కోడల్ని చూడకుండానే.

దున్యా మంచంలో సగం కూర్చుని ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా మెడ దగ్గర గుంట పడుతోంది. విదోసావా పెదాలు చూసింది. ఎర్రగా ఎండి ఉన్నాయి. నీలం కాదు. మళ్ళీ చూసింది.

"అమ్మా, కలీనా వచ్చిందా?"

"వస్తుంది తల్లీ."

"దాని రబ్బరు నా దగ్గరుంది."

విదోసావా లేచి పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగింది, గిన్నెతో నీళ్ళు పెట్టింది. కిటికీ కింద కంబళి లాగబోతుంటే స్తామెనా లేచి నిలబడింది.

"ఏం చేస్తున్నావ్?"

"కాసేపటికి తెరవాలి అత్తయ్యా. డాక్టరు చెప్పింది."

"ఆ పిల్ల ఎన్ని చలికాలాలు చూసిందట? నేను డెబ్భై నాలుగు చూశా. జ్వరంలో ఉన్న పిల్లకి కిటికీ తీస్తారా? మొగుడు లారీ మీద ఉన్నాడు కదా, అడిగేవాడు లేడని."

"ఆ బి గది మూసినందుకే ఇంతమంది పడ్డారు."

"మూసినందుకా? మూసినందుకు ఎవరు చస్తారే? తెరిచినందుకు చస్తారు. మా స్రెతెన్ ఎలా పోయాడనుకున్నావ్? పొయ్యి పొగ చిమ్మిందని నేను కిటికీ తీశా. నా చేత్తో. సాయంత్రానికి రొమ్ము పట్టేసింది. మూడో రోజు పోయాడు. ఏడాదిన్నర పిల్లాడు." స్తామెనా గొంతు పెరగలేదు. పెరిగితే నయంగా ఉండేది. "నలభై ఆరేళ్ళుగా ఆ కిటికీ తీస్తూనే ఉన్నాను కలలో."

ఈ మాట విదోసావా పెళ్ళయి వచ్చిన కొత్తల్లోనే విన్నది. అందుకే గదా ఆమె కూడా అన్నేళ్ళూ మూస్తూ వచ్చింది. ఇవాళ మాత్రం వేరే ప్రశ్న నోటి దాకా వచ్చింది. అప్పుడు ఇంట్లో ఎవరికైనా జబ్బు ఉందా అత్తయ్యా?

అడిగేసింది.

స్తామెనా పొయ్యి వైపు తిరిగింది. "మా మామ. వారం ముందు నుంచి దగ్గుతున్నాడు. అందరం ఒకే గదిలో పడుకునేవాళ్ళం, వెచ్చగా ఉంటుందని." రేగుసారాలో ఇంకో గుడ్డ ముంచి పిండింది.

పన్నెండున్నరకి కూడా కోట కనిపించలేదు. కిటికీ అద్దం అవతల బూడిద గోడ. విదోసావా అద్దానికి నుదురు ఆనించి నిలబడింది. ఏ ఇంటి పొగ గొట్టం చూసినా పొగ పైకి పోలేక పక్కకి వాలుతోంది. వెనక నుంచి పిల్ల ఊపిరి గీరుకుంటూ వినపడుతోంది. తెరిస్తే స్రెతెన్. తెరవకపోతే కలీనా. ఎటు చూసినా ఒక చిన్న మంచమే. తప్పు ఎటు చేసినా తన చేత్తోనే జరగాలి, అదే ఆమెకు భరించరానిది. ఇంకెవరైనా వచ్చి ఆ గడియ తీస్తే బాగుండునని ఏడుపొచ్చింది.

ఒంటి గంట దాటాక బూడిదలో ఒక చోట వెలుగు పలచబడింది. తర్వాత రాయి అంచు. తర్వాత విరిగిన బురుజు, పాలల్లో నుంచి తేలినట్టు.

"కోట" అంది విదోసావా.

స్తామెనా మాట్లాడకుండా మంచం దగ్గరికి వచ్చింది. దుప్పటి పిల్ల గడ్డం దాకా లాగి, తన ఉన్ని శాలువా తీసి తల చుట్టూ కట్టి, తన వీపు కిటికీ వైపు పెట్టి అడ్డంగా కూర్చుంది. "నేను చూడను. నువ్వు తియ్."

గడియ మొరాయించింది. రెండో గుంజుకు వచ్చింది. చల్లటి గాలి నీళ్ళలా లోపలికి దిగింది, దాంతో పాటు ఏటి వాసన, బొగ్గు వాసన. విదోసావా గోడ గడియారం చూస్తూ నిలబడింది. ఒక నిమిషం. దున్యా దగ్గింది, ఒకసారి, రెండుసార్లు, మూడోసారి పొడుగ్గా. స్తామెనా వీపు బిగుసుకుంది, శిలువ గుర్తు వేసుకుంది. రెండో నిమిషం. దగ్గు ఆగింది. మెడ దగ్గర గుంట ఇంకా పడుతూనే ఉంది, కానీ అంత లోతుగా కాదు. లేక అలా అనిపించిందా? మనసు కోరుకున్నదే కళ్ళు చూస్తాయి. విదోసావా తన కళ్ళను నమ్మలేదు.

"నాయనమ్మా, కొంచెం జరుగు" అంది దున్యా. "గాలి నా దగ్గరికి రావట్లేదు."

మూడో నిమిషంలో తలుపు గంట మోగింది.

"పై అంతస్తు వాళ్ళు గోధుమల గిన్నె అడిగారు, వాళ్ళే అయుంటారు" అంటూ స్తామెనా లేచి వెళ్ళింది. తలుపు తీసిందో లేదో, ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ అడుగు పెట్టనివ్వనిది పెట్టింది. ప్రొమాయా. కిటికీలోంచి తలుపులోకి ఒక్క దూకు. పరదా పైకప్పు దాకా లేచింది, సాధువు పటం ముందు దీపం ఆరిపోయింది, వంటగది తలుపు ధడాలున మూసుకుంది. విదోసావా పిల్ల మీద వాలిపోయి కప్పేసింది.

తల ఎత్తేసరికి గుమ్మంలో దోబ్రిలా ఉంది.

ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళని ముఖం. కోటు గుండీలు తప్పుగా పెట్టుకుంది. ఒక చేతిలో కలీనా బడి చెప్పుల సంచి. ఇంకో చేతిలో పసుపు స్పాంజి ముక్క, దాని మీద బాతు బొమ్మల బట్ట.

"కలీనా తన చెప్పులు కావాలని సైగ చేసింది" అంది దోబ్రిలా. "మాట్లాడలేదు కదా, వేలితో చూపించింది. తేవడానికి బడికి వెళ్ళాను. కిటికీ గట్టు మీద ఇది ఉంది. గాలి రాకుండా సందుల్లో కుక్కారని డాక్టరు చెప్పింది, ఎవరో చెప్పలేదు."

రేపు చెప్దామనుకున్న మాట విదోసావా కంటే ముందే గుమ్మంలోకి వచ్చేసింది.

"ఇది మా కలీనా ఉయ్యాల పరుపు. ఈ బాతులు నా చేత్తో కుట్టాను. దున్యా పుట్టినప్పుడు నీకిచ్చాను, వెచ్చగా ఉంటుందని. గుర్తుందా విదా?"

"దోబ్రిలక్కా, లోపలికి రా. కూర్చో. చెప్తాను."

దోబ్రిలా లోపలికి రాలేదు. ఆమె చూపు విదోసావా భుజం మీదుగా వెళ్ళి, బార్లా తెరిచి ఉన్న కిటికీ మీద, దాని అవతల ఎండలో మెరుస్తున్న కోట మీద ఆగింది.

"నా పిల్లకి మూశావు" అంది. "నీ పిల్లకి తెరిచావు."

అదే నిమిషంలో ఆమె కోటు జేబులో ఫోను మోగింది. తీసింది. చూసింది. స్పాంజి ముక్క జారి గడప మీద పడింది.

"ఆసుపత్రి" అంది. ఫోను విదోసావా వైపు చాచింది. "నాకు చేత కావట్లేదు. నువ్వే ఎత్తు. ఏం చెప్తారో ముందు నువ్వే విను."